క్షేమానికి కొలత ఏది?

(ఆలయ ప్రాంగణంలో కార్తిక మాస ఉపన్యాసాలలో భాగంగా చేసిన ప్రసంగ పాఠం)



ఇద్దరు కలుసుకొన్నప్పుడు మన నోట వచ్చే మొదటి మాట ‘క్షేమమేనా?’ అన్నది. ఉత్తరాలు వ్రాసుకొనే రోజులలో పెద్దలు ‘ఉభయ కుశలోపరి’ అని మొదలుపెట్టేవారు. రెండు వైపులా కుశలమని తలచిన తరువాతనే తక్కిన సంగతులు. ఇక ఈ ఆలయంలో అర్చన చేయించుకొనేటప్పుడు అర్చకస్వాములు మన గోత్రనామాలు అడిగి, సంకల్పంలో క్షేమం, స్థైర్యం, ధైర్యం, విజయం, ఆయువు, ఆరోగ్యం, ఐశ్వర్యం అని వరుసగా పేర్కొంటారు. సుఖం అని ఒక్కమాట అంటే సరిపోదా? ఇన్ని మాటలు ఎందుకు?

ఈ ప్రశ్నను పట్టుకొని నేటి సాయంకాలం కొన్ని విషయాలు మనవి చేస్తాను. నేను చాలాకాలం కళాశాలలో అర్థశాస్త్రం బోధించినవాణ్ణి. ‘నీ బ్రతుకు ఎలా ఉంది?’ అని మనుషులను అడిగి, వచ్చిన జవాబులను లెక్కకట్టే పరిశోధన మా శాస్త్రంలో ఈ యాభై అరవై ఏళ్ళలో బాగా పెరిగింది. అదే ప్రశ్నను మన ఋషులు ఏనాడో విచారించారు. ఈ రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి ఉంచి చూస్తే, మన ఇళ్ళలో మనం నిత్యం చేసే ఒక పని గురించి ఆలోచించవలసి వస్తుంది.

నిచ్చెన మీద మనిషి

అమెరికాలో హాడ్లీ కాంట్రిల్ అనే పరిశోధకుడు ఉండేవాడు. ఆయన అనేక దేశాల ప్రజలను కలిసి తయారుచేసిన గ్రంథం 1965లో వెలువడింది. ఆ దేశాలలో మన భారతదేశం కూడా ఉంది. ఆయన పద్ధతి చాలా సులభమైనది. ఒక నిచ్చెన బొమ్మ చూపేవారు. అడుగున 0, పైన 10. ‘నీవు కోరుకోదగిన అత్యుత్తమ జీవితం పైమెట్టు అనుకో. నీవు భయపడే అతి కష్టమైన జీవితం కిందిమెట్టు అనుకో. ఈనాడు నీవు ఏ మెట్టు మీద ఉన్నావు?’ అని అడిగేవారు. ప్రపంచ దేశాల సంతోషాన్ని పోల్చుతూ 2012 నుంచి వెలువడుతున్న నివేదికలకు కూడా ఈ నిచ్చెన ప్రశ్నే ఆధారం.

ఇందులో గమనించవలసినది ఒకటి ఉంది. పైమెట్టు ఎలా ఉంటుందో చెప్పేది శాస్త్రజ్ఞుడు కాదు, జవాబు చెప్పేవాడే. ఆ గ్రంథంలో మన దేశపు వ్యవసాయ కూలీ ఒకరు తన పైమెట్టును వివరించాడు. ఒక కొడుకు, స్వంతంగా కొంత భూమి, స్వంత ఇల్లు, పాలూ నెయ్యీ ఇచ్చే ఒక ఆవు, భార్యకు మంచి బట్టలు. అంతే. అమెరికా కార్మికుని పైమెట్టు మీద కొత్త కారు, అప్పులన్నీ తీరడం, ఆటలకూ వేటకూ తీరిక ఉన్నాయి. ఇద్దరూ ‘నేను ఐదవ మెట్టు మీద ఉన్నాను’ అని చెప్పవచ్చు. అంకె ఒక్కటే అయినా నిచ్చెనలు వేరు. ఆ కూలీ కోరుకొన్నవన్నీ నేడు మనలో చాలామందికి ఉన్నాయి. అయినా మనం పైమెట్టు మీద ఉన్నామని అనుకోవడం లేదు. మనం ఎక్కినకొద్దీ నిచ్చెన కూడా పొడుగవుతూ వచ్చింది.

ఆదాయం పెరిగింది, తృప్తి?

రిచర్డ్ ఈస్టర్లిన్ అనే ఆర్థికవేత్త 1974లో ఈ విషయాన్ని ఒక చిక్కుప్రశ్నగా లోకం ముందు ఉంచాడు. ఒకే దేశంలో ఒకే సమయంలో చూస్తే ధనికులు బీదలకంటే ఎక్కువ సంతృప్తితో ఉన్నట్లు చెబుతారు. కాని దేశమంతటి ఆదాయం ఏళ్ళ తరబడి పెరిగినా ప్రజల సగటు సంతృప్తి ఆ మేరకు పెరగడం లేదు. జపాను ఇందుకు ఆయన చూపిన ముఖ్యమైన ఉదాహరణ. 1958 నుంచి 1987 వరకు అక్కడి తలసరి ఆదాయం ఐదు రెట్లు అయింది. బట్టలు ఉతికే యంత్రం, రిఫ్రిజిరేటరు, టెలివిజను దాదాపు ఇంటింటికీ వచ్చాయి. ‘మీ జీవితం పట్ల సంతృప్తిగా ఉన్నారా?’ అన్న ప్రశ్నకు జవాబుల సగటు మాత్రం ఇంచుమించు ఉన్నచోటనే ఉంది.

ఈ నిర్ణయాన్ని అందరూ ఒప్పుకోలేదని కూడా చెప్పాలి. జపాను సర్వేలలో అడిగిన ప్రశ్నలే మధ్యలో మారాయనీ, ధనిక దేశాల ప్రజలు బీద దేశాల వారికంటే సగటున పైమెట్టు మీదనే ఉన్నారనీ బెట్సీ స్టీవెన్సన్, జస్టిన్ వోల్ఫర్స్ 2008లో వాదించారు. వాదం నేటికీ ముగియలేదు. కాబట్టి ధనం వల్ల సుఖం లేదని అర్థశాస్త్రం తేల్చిందని ఎవరైనా వేదికల మీద చెబితే తొందరపడి నమ్మకండి. ధనం వల్ల కలిగే మేలు ఉంది. అయితే మనం ఆ మేలును కొలిచే కొలబద్ద నిలకడగా ఉండదు.

కొలబద్ద జరగడానికి రెండు కారణాలు చెబుతారు. మొదటిది అలవాటు. కొత్తగా వచ్చిన వస్తువు కొన్నాళ్ళు ఆనందం ఇస్తుంది, తరువాత అది లేకపోతేనే దాని ఉనికి తెలుస్తుంది. రెండవది పోలిక. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత మనకు ఉండనే ఉంది. పూర్వం పొరుగిల్లు అంటే పక్క వీధి, పక్క ఊరు. నేడు చేతిలోని ఫోనులో ఎక్కడెక్కడివారో మనకు పొరుగువారయ్యారు. వారి పెళ్ళిళ్ళు, ఇళ్ళు, విహారయాత్రలు రోజూ మన కళ్ళముందు కదులుతాయి. సమాజం త్వరగా మారే కాలంలో మనిషి తనను ఎవరితో పోల్చుకొంటాడో అదీ త్వరగా మారిపోతుంది.

చైనా అనుభవం దీనికి మరొక సంగతిని జోడిస్తుంది. 1990 నుంచి 2010 వరకు అక్కడి ప్రజల తలసరి వినియోగం కనీసం నాలుగు రెట్లు పెరిగింది. అయినా జీవన సంతృప్తి ఆ వేగంతో పెరగలేదు సరికదా, మొదటి పదేళ్ళకు పైగా తగ్గి, ఆ తరువాత మెల్లగా కోలుకొన్నదని ఈస్టర్లిన్, ఆయన సహచరులు 2012లో ప్రకటించారు. ఎక్కువగా కుంగినవారు అల్పాదాయ వర్గాలవారే. పూర్వం ప్రభుత్వ కర్మాగారంలో పని దొరికితే జీవితాంతం ఉద్యోగం, వైద్యం, పింఛను ఉండేవి. సంస్కరణల కాలంలో ఆ భరోసా చాలామందికి పోయింది. చేతిలో డబ్బు పెరిగింది, రేపటి మీద ధైర్యం తగ్గింది.

ఇది వినగానే నాకు గీతలోని తొమ్మిదవ అధ్యాయం గుర్తుకు వస్తుంది. అనన్యచిత్తంతో తనను ఉపాసించేవారి యోగక్షేమాలను తానే వహిస్తానని భగవానుడు అక్కడ అభయమిచ్చాడు. యోగం అంటే లేనిది లభించడం, క్షేమం అంటే లభించినది నిలవడం అని శంకర భగవత్పాదులు వివరించారు. రెండు మాటలూ వేరువేరు. యోగం పెరుగుతూ క్షేమం తరిగిపోవచ్చు. సంకల్పంలో ఐశ్వర్యంతో పాటు స్థైర్యాన్నీ ధైర్యాన్నీ విడివిడిగా కోరుకోవడంలోని ఔచిత్యం ఇప్పుడు మనకు తెలుస్తుంది.

ఉపనిషత్తు వేసిన నిచ్చెన

మన తెలుగునేల మీద వేదాధ్యయనపరులలో ఎక్కువమందిది కృష్ణయజుర్వేదం, తైత్తిరీయ శాఖ. ఆ తైత్తిరీయోపనిషత్తులో, ఆనందవల్లి ఎనిమిదవ అనువాకంలో, ఆనందాన్ని కొలిచే విచారణ ఒకటి ఉంది. ఋషి కూడా ఒక నిచ్చెనే వేశాడు. మొదటి మెట్టు మీద ఒక యువకుణ్ణి నిలిపాడు. అతడు సాధువర్తనుడు, చదువుకొన్నవాడు, దృఢకాయుడు, బలవంతుడు. ధనధాన్యాలతో నిండిన ఈ భూమి అంతా అతనిదే. అతని ఆనందం మనుష్యానందానికి ఒక ప్రమాణం. దానికి నూరు రెట్లు మనుష్యగంధర్వుల ఆనందం. దానికి నూరు రెట్లు దేవగంధర్వులది. ఆపైన పితృదేవతలు, ఆజానజ దేవతలు, కర్మదేవతలు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి, చివరకు బ్రహ్మానందం. లెక్కపెడితే పదకొండు మెట్లు. కాంట్రిల్ నిచ్చెనలోనూ 0 నుంచి 10 వరకు పదకొండే. ఇది కేవలం యాదృచ్ఛికమే, కాని చూడముచ్చటైన యాదృచ్ఛికం.

ఈ నిచ్చెనలో రెండు విశేషాలు ఉన్నాయి. ఒకటి, రెండవ మెట్టు నుంచి ప్రతి మెట్టు వద్దా ఋషి ఒక మాట చేరుస్తాడు. వేదవేత్త అయి, కామం చేత దెబ్బతినని వానికి ఈ ఆనందం కూడా ఉన్నదే అంటాడు. ఇంద్రపదవి వద్దా అదే మాట, ప్రజాపతి వద్దా అదే మాట. తక్కినవారు మెట్టుమెట్టుగా ఎక్కవలసిన చోటికి ఇతడు ఉన్నచోటనే చేరుతున్నాడు. తృప్తికి మన సంప్రదాయం ఇచ్చిన గౌరవం ఇది.

రెండవ విశేషాన్ని మనం తరచుగా మరచిపోతాం. ఋషి తన కొలతను ఆకలితో ఉన్నవాని దగ్గర మొదలుపెట్టలేదు. ఆరోగ్యం, చదువు, బలం, నడవడి, సంపద ఉన్నవాని దగ్గర మొదలుపెట్టాడు. అదే ఉపనిషత్తు తరువాతి వల్లిలో అన్నాన్ని నిందించరాదనీ, అన్నాన్ని సమృద్ధిగా పెంచాలనీ, ఆశ్రయం కోరి వచ్చినవానిని తిప్పి పంపరాదనీ వ్రతాలుగా విధించింది. బ్రహ్మానందం గురించి చెప్పిన గ్రంథమే గాదెలో గింజల గురించి కూడా చెప్పింది.

‘నాకేం, బాగానే ఉన్నాను’

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచిన విషయానికి వస్తాను. ఉన్నవాడు తనకు లేదని అనుకోవడం ఒక పొరపాటు లెక్క. లేనివాడు తనకు బాగానే ఉందని చెప్పడం మరొక పొరపాటు లెక్క. మొదటిదాని గురించి వేదికల మీద విరివిగా వింటున్నాం. రెండవది అంతకంటే ప్రమాదకరమైనది.

బెంగాలు మహాక్షామం 1943లో వచ్చింది. మరుసటి ఏడాది, 1944లో, కలకత్తాకు సమీపంలోని సింగూరులో ఒక ఆరోగ్య సర్వే జరిగింది. దానిని అమర్త్య సేన్ తన రచనలలో పేర్కొన్నారు. భార్యను పోగొట్టుకొన్న పురుషులలో 48.5 శాతం మంది తమకు జబ్బుగా ఉందనో, ఆరోగ్యం అంతంతమాత్రమనో చెప్పుకొన్నారు. భర్తను పోగొట్టుకొన్న స్త్రీలలో అలా చెప్పినవారు 2.5 శాతం మాత్రమే. ఆ కాలంలో, ఆ సమాజంలో వితంతువుల తిండి, బట్ట, ఆలనాపాలనా ఎలా ఉండేవో మనకు తెలియనిది కాదు. వారి శరీరాలు ఆరోగ్యంగా ఉండి వారు ఆ జవాబు చెప్పలేదు. తమ ఆరోగ్యం అనేది ఒకరు పట్టించుకోదగిన సంగతి అని వారికి ఎవరూ ఎన్నడూ నేర్పలేదు. ఆశించడం మానుకొన్న మనసుకు నిచ్చెన పొట్టిదైపోతుంది. పొట్టి నిచ్చెన మీద పైమెట్టు అందుకోవడం కష్టం కాదు.

సేన్ 2002లో మరొక ఉదాహరణ కూడా చూపారు. మన దేశంలో కేరళ ప్రజల ఆయుర్దాయం బీహారు ప్రజలకంటే చాలా ఎక్కువ. కాని ‘మాకు జబ్బుగా ఉంది’ అని చెప్పుకొనేవారు కూడా కేరళలోనే ఎక్కువ, బీహారులో తక్కువ. చదువు, వైద్యశాల అందుబాటులో ఉన్నచోట మనిషి తన నొప్పిని జబ్బుగా గుర్తిస్తాడు. అవి లేనిచోట దానిని బ్రతుకులో భాగమని అనుకొని ఊరుకొంటాడు. కాబట్టి ఫిర్యాదు తక్కువగా ఉన్న చోటు క్షేమంగా ఉన్న చోటని అనుకోరాదు.

ఇది ఎక్కడో బెంగాలు సంగతి, బీహారు సంగతి అనుకొంటే మనల్ని మనం మోసపుచ్చుకొన్నట్లే. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే సగానికి పైగా. ఈ లెక్క వారిని అడిగి వ్రాసుకొన్నది కాదు, వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించి చెప్పినది. వీరిలో ఎవరినైనా ‘ఎలా ఉన్నావమ్మా?’ అని అడగండి. ‘నాకేం, బాగానే ఉన్నాను, కాస్త నీరసం, అంతే’ అంటుంది. ఇంటిల్లిపాదీ తిన్న తరువాత గిన్నెలో మిగిలినది తిని లేచిన ఇల్లాలు చెప్పే మాట అది. హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న కొడుకు ఫోను చేస్తే పల్లెటూళ్ళో ఒంటరిగా ఉన్న తల్లి చెప్పే మాట కూడా అదే. ‘మా గురించి బెంగ పెట్టుకోకు నాయనా, మేం బాగానే ఉన్నాం’ అంటుంది. కొడుకు నిశ్చింతగా ఫోను పెట్టేస్తాడు. ఆ మాటలో ప్రేమ ఉంది, సందేహం లేదు. కాని అది ఆరోగ్య పరీక్ష పత్రం కాదు.

కుచేలుని తృప్తి

ఇక్కడ మీలో కొందరికి ఒక ప్రశ్న రావచ్చు. తృప్తి గొప్ప గుణమని ఇప్పుడే చెప్పి, తృప్తిగా ఉన్నామన్నవారిని నమ్మవద్దంటున్నారేమిటని. దీనికి సమాధానం కోసం మనం పోతనగారి భాగవతంలోని కుచేలోపాఖ్యానం వైపు చూద్దాం.

కుచేలుడు తృప్తిపరుడు. దొరికినదానితో కాలం గడిపేవాడు, ఎవరినీ యాచించడు. ఆకలికి ఓర్చుకోలేక బిడ్డలు ఏడుస్తున్నారని, ద్వారకకు వెళ్ళి చిన్ననాటి స్నేహితుణ్ణి చూడమని చెప్పినది ఆయన ఇల్లాలు. భాగవతం ఆమెను ఆశపోతుగా చిత్రించలేదు. ఆమె కోరినది పట్టుచీరలు కాదు, పిల్లల నోటికి ముద్ద. కుచేలుడు ఆమె మాట త్రోసిపుచ్చలేదు. నాకు తృప్తిగా ఉంది కాబట్టి పిల్లలు కూడా తృప్తి నేర్చుకోవాలని అనలేదు. అటుకులు కొంగున కట్టుకొని బయలుదేరాడు.

ద్వారకలో ఆయన నోరు తెరిచి ఏమీ అడగలేదు. శ్రీకృష్ణుడు ఏం చేశాడు? ఇతడు ఏమీ కోరలేదు, ఇతనికి ఏ లోటూ లేదు అని ఊరుకొన్నాడా? ఊరుకోలేదు. చినిగిన ఉత్తరీయాన్ని, చిక్కిన శరీరాన్ని చూశాడు. మిత్రుడు నోటితో చెప్పనిదానిని కంటితో చదివాడు. అడగకుండానే ఇచ్చాడు. తరువాత భోగాల మధ్య ఉండి కూడా కుచేలుడు వాటికి అంటకుండా జీవించాడని భాగవతం చెబుతుంది. ఆయన తృప్తి లేమిలోనూ కలిమిలోనూ ఒక్కటే కాబట్టి అది నిజమైన తృప్తి.

ఈ కథలో ఇద్దరి ధర్మాలు ఉన్నాయి. తృప్తిగా ఉండడం కుచేలుని ధర్మం. అతని తృప్తిని సాకుగా తీసుకోకపోవడం కృష్ణుని ధర్మం. తృప్తి అనేది నేను నాకై పట్టవలసిన వ్రతం. దానిని ఎదుటివానికి విధించే హక్కు నాకు లేదు. నేను ఉపవాసం ఉంటే అది వ్రతం, నా వాకిట నిలిచినవాణ్ణి ఉపవాసం ఉండమంటే అది పాపం. కోడలికి, పనిమనిషికి, పొలంలో కూలీకి, వృద్ధులైన తల్లిదండ్రులకు ‘ఉన్నదానితో తృప్తిపడాలి’ అని మనం ఉపదేశించినప్పుడు, చాలా సందర్భాలలో మన ఖర్చు తగ్గించుకోవడానికి ఒక సద్గుణాన్ని వాడుకొంటున్నామన్న మాట.

చాలు అన్న గీత

అయితే మన క్షేమాన్ని మనం ఎలా కొలుచుకోవాలి? భూటాను దేశం ఒక దారి చూపింది. దేశ ప్రగతికి జాతీయోత్పత్తి ఒక్కటే కొలత కాదని, ప్రజల సంతోషం కూడా చూడాలని అక్కడి నాలుగవ రాజు జిగ్మే సింగ్యే వాంగ్చుక్ 1970ల నుంచి చెబుతూ వచ్చారు. 2008 నాటి వారి రాజ్యాంగంలో ఆ ఆశయానికి చోటు దక్కింది. వారి సూచికలో తొమ్మిది రంగాలు ఉన్నాయి. మనోనిబ్బరం, ఆరోగ్యం, చదువు, కాలవినియోగం, సంస్కృతి, సుపరిపాలన, ఇరుగుపొరుగు బంధం, ప్రకృతి, జీవన ప్రమాణం. మనిషి మనసును అడుగుతారు, అతని ఒంటిని, ఇంటిని కూడా చూస్తారు. మన సంకల్పంలోని వరుస మీకు జ్ఞాపకం వస్తున్నదా?

అందులో మరొక సొగసు ఉంది. ప్రతి అంశానికీ ‘ఇంత ఉంటే చాలు’ అని ఒక గీత గీశారు. గీతకు దిగువన ఉన్నవారిని పైకి తేవడం మీదనే దృష్టి. గీత దాటిన తరువాత ఎంత కూడబెట్టినా లెక్కలో అదనంగా చేరదు. ఈ ‘చాలు’ అన్న మాట మనకు కొత్తది కాదు. ధనం ఇస్తే ఇంకా కావాలంటాడు, భూమి ఇస్తే ఇంకా కావాలంటాడు, అన్నం పెడితేనే మనిషి చాలు అంటాడని పెద్దలు చెబుతారు. అన్నదాన పంక్తిలో చేయి అడ్డం పెట్టి ‘చాలు స్వామీ’ అనడం మనం చూస్తూనే ఉంటాం. గమనించండి, ఆ మాట విస్తరిలో వడ్డించిన తరువాత వచ్చింది. వడ్డించకముందే అతనితో చాలు అనిపించడం అన్నదానం కాదు.

అందుచేత మీకు రెండు విన్నపాలు చేసి ముగిస్తాను. మన బ్రతుకును మనం తూచుకొనేటప్పుడు, ఈ అసంతృప్తి లేమి వల్ల వచ్చినదా, పోలిక వల్ల వచ్చినదా అని ఒక్క క్షణం విచారిద్దాం. లేమి వల్ల వచ్చినదైతే సిగ్గుపడకుండా ప్రయత్నం చేద్దాం, నలుగురి సాయం కోరుదాం. పోలిక వల్ల వచ్చినదైతే నిచ్చెన దిగి నేల మీద కూర్చుందాం. ఇది మొదటిది.

రెండవది, ఎదుటివారి క్షేమం అడిగేటప్పుడు ‘బాగున్నారా’ అన్న ఒక్క ప్రశ్నతో ఆగవద్దు. ‘మధ్యాహ్నం ఏం తిన్నావమ్మా? రాత్రి నిద్ర పడుతున్నదా? మందులు ఇంకా ఎన్ని రోజులకు ఉన్నాయి? పోయినసారి ఆసుపత్రికి తోడు ఎవరు వచ్చారు?’ అని అడుగుదాం. జవాబు చెవితో విని, ముఖం కంటితో చూద్దాం. ఇంట్లో ఆఖరున తినేవారిని ఒక పూట మనతో పాటు కూర్చోబెట్టుకొందాం. సంకల్పంలో సకుటుంబంగా అని చెప్పించుకొని, ఇంటికి వెళ్ళి ఆ కుటుంబంలో ఒకరి పళ్ళెం చూడకపోతే ఆ సంకల్పం నోటిమాటగానే మిగిలిపోతుంది. ఉభయ కుశలం అన్న పెద్దల మాట మన ఇంటి గడప లోపల కూడా నిజం కావాలి.

మీకందరికీ స్వామివారు యోగాన్నీ క్షేమాన్నీ రెండింటినీ ప్రసాదించుగాక. స్వస్తి.